చలపతిరావుగారి కోరం

చలపతిరావుగారికి దాహం వేసినా నియమావళి ప్రకారమే వేస్తుంది. కోపంతో రాస్తున్నానని అనుకోకండి. కోపం ఉంది, దాని సంగతి తర్వాత. ఏడేళ్లు దగ్గరుండి చూసినవాడిగా చెబుతున్నాను.

ఆయన భారత ఒలింపిక్ కత్తిసాము సంఘానికి ప్రధాన కార్యదర్శి. ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్ అని చూపిస్తారే, ముఖానికి జల్లెడ కట్టుకుని పొడుచుకుంటారు, అదే మా ఆట. జాతీయ సంఘం ఆఫీసు ఢిల్లీలో ఉండాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. అధ్యక్షుడు ఎక్కడుంటే ఆఫీసు అక్కడ ఉంటుంది. మా అధ్యక్షుడు రవిచంద్రగారు సినిమా నిర్మాత. అందుకని దేశం మొత్తం కత్తిసాము ఫిల్మ్‌నగర్‌లో, ఒక డబ్బింగ్ స్టూడియో పై అంతస్తులో నడుస్తుంది. కింద ఎవరో హీరోయిన్‌కి ఏడుపు డబ్బింగ్ చెబుతుంటే పైన మేం మీటింగులు పెట్టుకునేవాళ్లం. చాలాసార్లు ఆ ఏడుపు మా ఎజెండాకి సరిగ్గా సరిపోయేది.

నియమావళి అంటే అరవై నాలుగు పేజీల నీలం అట్ట పుస్తకం. చలపతిరావుగారి గుడ్డసంచీలో అది ఎప్పుడూ ఉండేది. దానితో పాటు స్టాంపు ప్యాడు, ఇన్‌వర్డ్ రిజిస్టరు, దగ్గు బిళ్లలు. ఆఫీసు గడప దాటిన ప్రతి కాగితానికీ ఆయన స్టాంపు కొట్టి నంబరు వేసేవారు. బిర్యానీ హోటలువాడు తలుపు కిందనుంచి తోసిన కరపత్రానికి కూడా నంబరుంది. 163. నా కళ్లతో చూశాను.

మా కార్యవర్గ సమావేశానికి కోరం, అంటే కనీసం ఉండాల్సినవాళ్లు, ముగ్గురు. ఆ లెక్క ఆయన టీకి కూడా వర్తింపజేశారు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి, టీ తాగుదామా సార్ అన్నాను.

"ఇద్దరమే ఉన్నాం కదయ్యా. కోరం లేదు."

"టీకి కోరమేంది సార్?"

"ముగ్గురుంటే అది టీ. ఇద్దరే తాగితే కుమ్మక్కు."

ఆ తర్వాత ఏడేళ్లలో ఆయనతో నేను టీ తాగలేదు. మూడోవాడు దొరక్క కాదు. మూడోవాడు దొరికేసరికి నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి.

ఇంట్లోనూ ఇదే వరస. శ్రీనగర్ కాలనీలో ఆయన భార్య సీతామహాలక్ష్మిగారు తన చెల్లెలు వస్తోందని చెబితే, ఏ సమావేశానికైనా ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కదా అన్నారట ఈయన. ఆవిడ మర్నాడు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది: "వంకాయ కూర. నేటి నుంచి ఇరవై ఒక్క రోజుల తర్వాత." చలపతిరావుగారు దాన్ని రెండుసార్లు చదివి, నోటీసు సక్రమంగానే ఉందని ఒప్పుకుని, ఇరవై రోజులు మజ్జిగన్నం తిన్నారు. "కోపం తెచ్చుకున్నా బాగుండేది నాయనా," అని ఆవిడ నాతో అంది. "నోటీసు ముసాయిదా బాగుందని మెచ్చుకున్నారు."

ప్రతి సమావేశానికి ముందూ ఆయన లేచి నిలబడి మూడో క్లాజు చదివేవారు. అది సంఘం ఉద్దేశాల క్లాజు. ప్రాంతం, కులం, భాష, సంపద అనే భేదం లేకుండా యోగ్యత ఉన్న ప్రతి క్రీడాకారుడికీ దేశం తరఫున ఆడే అవకాశం కల్పించడం... ఇలా పేజీన్నర. సభ్యులు ఫోన్లు చూసుకునేవాళ్లు. రవిచంద్రగారు జీడిపప్పు నమిలేవారు. ఎవరూ ఎప్పుడూ 'సంపద' దాటి విన్న పాపాన పోలేదు. నేను అసలే వినేవాణ్ణి కాదు, ఎందుకంటే ఆ యోగ్యత గోల నాకు ముందే తెలుసు.

ఇక నా కోపం సంగతి. ఏడేళ్ల కిందట ఇంజినీరింగ్ రెండో ఏడాది మధ్యలో వదిలేసి, జాతీయ జట్టు ఎంపిక పోటీలకి దరఖాస్తు పట్టుకుని బయలుదేరాను. గడువు సాయంత్రం ఐదు. షేక్‌పేటలో ఫ్లైఓవర్ కడుతున్న రోజులవి. బస్సు కదల్లేదు. దిగి పరుగెత్తాను. మెట్లెక్కేసరికి చలపతిరావుగారు దరఖాస్తుల పెట్టెకి లక్క వేస్తున్నారు.

"ఐదూ పదకొండయింది," అన్నారు.

"సార్, షేక్‌పేట కాన్నుంచి ఉరుక్కుంట వచ్చిన."

"కనిపిస్తోంది. కూర్చో. మంచినీళ్లు తాగు."

నీళ్లు రెండు గ్లాసులిచ్చారు. దరఖాస్తు మాత్రం పెట్టెలో వెయ్యలేదు. దాని మీద 'ఆలస్యం' అని స్టాంపు కొట్టి నంబరు వేశారు. మరుసటి ఏడాదికి నా మోకాలు పోయింది. ఇప్పుడు సినిమా హీరోలకి కత్తి ఎటువైపు పట్టుకోవాలో నేర్పుతున్నాను. రెండు సినిమాల్లో చచ్చిపోయాను, అందులో ఒకదాంట్లో రెండుసార్లు. పొద్దుటిపూట మాత్రం సంఘం డాబా మీద పిల్లలకి ఆట నేర్పుతాను. ఆట మీద ప్రేమ అంటారు కొందరు. చలపతిరావుగారిని రోజూ తిట్టుకోవడానికి అంతకంటే వీలైన చోటు దొరకలేదు నాకు.

ఆ పిల్లల్లో స్ఫూర్తి ఒకతె. షేక్‌పేట పిల్ల, పంతొమ్మిదేళ్లు. తండ్రి రాములు షూటింగు సెట్లు వేసే వడ్రంగి. కూల్చేసిన రాజుగారి సెట్టు చెక్కతో ఆమెకి మొదటి కత్తి చేసిచ్చింది ఆయనే. ఈ ఏడాది ఆమె దరఖాస్తు కూడా ఆలస్యమైంది. తొమ్మిది నిమిషాలు. నేను పక్కనే నిలబడి, తిరస్కరించే స్టాంపు కోసం ఎదురుచూశాను. చలపతిరావుగారు కాగితం తీసుకుని పెట్టెలో వేశారు.

"నా పదకొండు నిమిషాలు బరువైనయా సార్?" అనడిగాను.

"ఇది వేరు నాగసాయీ."

"ఏం వేరు?"

ఆయన నీలం పుస్తకం నా ముందుకి తోసి, చదువుకో అన్నారు. నేను పుస్తకాలు చదివేవాణ్ణయితే కాలేజీలోనే ఉండేవాణ్ణి. తిరిగి ఆయన ముందుకే తోశాను.

స్ఫూర్తి ఎంపిక పోటీల్లో మొదటి స్థానంలో వచ్చింది. ఆసియా పోటీలకి నలుగురు వెళ్లాలి. కమిటీ జాబితాలో ఆమె పేరే మొదటిది. రవిచంద్రగారు ఆ పేరు కొట్టేసి గీతిక పేరు రాశారు. గీతిక ఆయన తర్వాతి సినిమా కొనబోతున్న డిస్ట్రిబ్యూటర్ కూతురు, పోటీల్లో తొమ్మిదో స్థానం. మంచి పిల్లే, తన పేరు జాబితాలోకి ఎలా వచ్చిందో పాపం తనకే తెలియదు. ఇరవై ఏడో క్లాజు ప్రకారం అధ్యక్షుడు 'క్రీడా ప్రయోజనాల దృష్ట్యా' ఒక పేరు మార్చవచ్చు. ఆ క్లాజు ఉందని చలపతిరావుగారే చదివి వినిపించారు. అందరికంటే ముందు ఆయన్నే అక్కడికక్కడ కొట్టాలనిపించింది నాకు.

మర్నాడు స్ఫూర్తి తల్లి భూలక్ష్మి ఆఫీసుకొచ్చింది. కూతురు విమానమెక్కుతుందని కుట్టిన కొత్త డ్రెస్సు ఇంకా చేతిసంచీలోనే ఉంది. ఆమె అరవలేదు, ఏడవలేదు.

"నా బిడ్డ ఓడిపోయిందా సారూ?"

"లేదమ్మా. గెలిచింది," అన్నారు చలపతిరావుగారు.

"మరి గెల్చినోళ్లు ఇంట్ల కూసుంటరా?"

ఆయన నియమావళి తెరిచారు, మూశారు. దగ్గు లేకపోయినా దగ్గు బిళ్ల వేసుకున్నారు. ఆ ప్రశ్నకి క్లాజు లేదు. ఆమె వెళ్లాక, మీ మూడో క్లాజును పటం కట్టించి అగరొత్తులు పెట్టుకోండి సార్ అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి అచ్చులో బాగుండవు. అంతా విని ఆయన, "జాబితా పంపడానికి ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. ప్రత్యేక సమావేశానికి ఇరవై ఒక్క రోజుల నోటీసు కావాలి. తపాలా బిళ్లలు తీసుకురా," అన్నారు.

నోటీసులో ఒకటే అంశం: ప్రధాన కార్యదర్శి వయసు.

పదకొండో క్లాజు ప్రకారం డెబ్బై నిండినవాళ్లు ఏ పదవిలోనూ ఉండకూడదు. చలపతిరావుగారు తప్పుకుంటున్నారని తెలిసి రవిచంద్రగారు పొంగిపోయారు. శాలువా, పూలదండ, లడ్డూలు తెప్పించారు. వయసు మాటకొస్తే రవిచంద్రగారికి పన్నెండేళ్లుగా యాభై ఎనిమిదే. జుట్టు కొత్త టైరు కంటే నల్లగా ఉంటుంది. ఫిల్మ్‌నగర్‌లో పుట్టినరోజులు జరుగుతాయి, వయసు జరగదు.

సమావేశం రోజున చలపతిరావుగారు ఎప్పట్లాగే మూడో క్లాజు పేజీన్నరా చదివారు. తర్వాత అసలు విషయానికొచ్చారు. బడి రికార్డు ప్రకారం తనకి అరవై ఏడేననీ, ఆ లెక్కన ఇంకో మూడేళ్లు ఈ కుర్చీ తనదేననీ, కానీ నాన్నగారు బడిలో వేసేటప్పుడు మూడేళ్లు తగ్గించి రాయించారనీ చెప్పారు. రుజువుగా ఒక శుభలేఖ తీశారు. పోయినేడాది తన ఇంట్లో జరిగిన భీమరథ శాంతిది. డెబ్బయ్యో ఏట చేయించుకునే పూజ అది.

"ఇటువంటి శుభలేఖను వయసుకి రుజువుగా తీసుకోవచ్చా అని సభ తేల్చాలండీ. ఎవరైనా ప్రతిపాదించాలి."

రవిచంద్రగారు ఎవరికీ అవకాశం ఇవ్వలేదు. "నేను ప్రతిపాదిస్తున్నా చలపతీ. బడిలో అబద్ధం చెప్పొచ్చు కానీ, పూజలో కూర్చుని దేవుడికి వయసు అబద్ధం చెబుతామా? ఇలాగే రాసుకో."

చలపతిరావుగారు అలాగే రాసుకున్నారు. అందరూ చేతులెత్తారు. రాసింది చదివి వినిపించి, అధ్యక్షుడి చేత సంతకం పెట్టించారు. తడి ఆరేదాకా ఊదారు. తర్వాత సంచీలోంచి ఇన్‌వర్డ్ రిజిస్టరు తీశారు.

"నంబరు 214. రెండున్నరేళ్ల కిందటిది. భీమరథ శాంతి శుభలేఖ. వేదిక, శ్రీనగర్ కాలనీ. కర్త..." అని ఆగి, కళ్లజోడు సర్దుకున్నారు. "కర్త పేరు రవిచంద్రగారండీ."

కింద ఆ రోజు ఏడుపు లేదు. ఏదో హాస్య సినిమాకి జనం నవ్వులు డబ్బింగ్ చెబుతున్నారు.

"అది ఇంటి విషయం చలపతీ," అన్నారు రవిచంద్రగారు, మెల్లగా.

"ఆఫీసులో ఇచ్చారండీ. ఆఫీసులో ఇచ్చిన కాగితానికి నంబరు పడుతుంది."

"ముప్పై ఏళ్ల స్నేహం మనది."

"ముప్పై రెండండీ. అందుకే వచ్చి అక్షింతలు వేశాను."

పదకొండో క్లాజు ఇద్దరికీ వర్తించింది. అధ్యక్ష పదవి ఖాళీ అయినప్పుడు ఎంపిక కమిటీ జాబితాయే చెల్లుతుందని పన్నెండో క్లాజు. స్ఫూర్తి పేరుతో ఉన్న జాబితా మీద చలపతిరావుగారు స్టాంపు కొట్టి, మెయిల్ పంపించి, వెళ్లిందని రెండుసార్లు చూసుకున్నారు. కార్యదర్శిగా అదే చివరి స్టాంపు. ప్యాడు, రిజిస్టరు ఉపాధ్యక్షుడికి అప్పజెప్పి రసీదు తీసుకున్నారు. దగ్గు బిళ్లలు ఉంచుకున్నారు. నీలం పుస్తకం తన సొంత కాపీ అని నా చేతిలో పెట్టారు. శాలువా ఎవరూ కప్పలేదు. లడ్డూలు మాత్రం అయిపోయాయి.

రోజూ ఆయన్ని ఇంటి దగ్గర దించేది రవిచంద్రగారి కారు. అది వెళ్లిపోయింది. పెద్దాయన గుడ్డసంచీతో గేటు దగ్గర నిలబడ్డారు. సగానికి పైగా ఖాళీ అయిన సంచీ. నా బండి తీశాను. ఆయన హెల్మెట్ పట్టీతో కుస్తీ పడుతుంటే, ఊరికే నిలబడలేక పుస్తకం తెరిచి పేజీలు తిప్పాను. పంతొమ్మిదో క్లాజు. దరఖాస్తుదారు స్వయంగా వస్తే, లక్క వేసిన అరగంట వరకు దరఖాస్తు తీసుకోవాలి. కింద సన్న అక్షరాల్లో సవరణ చరిత్ర. ప్రతిపాదించినవారు ప్రధాన కార్యదర్శి. రెండుసార్లు వీగిపోయింది, మూడోసారి నెగ్గింది. మొదటి ప్రతిపాదన తేదీ, నేను పరుగెత్తుకొచ్చిన రోజు తర్వాత సరిగ్గా వారానికి. కారణం అన్నచోట పెన్నుతో రాసి ఉంది: "నాగసాయి అనే కుర్రాడు, 5.11."

"నాకెందుకు చెప్పలే సార్?"

"నీకు పనికిరాని రూలు నీకెలా చెప్పనయ్యా?" అన్నారు, హెల్మెట్ లోపలి నుంచి.

శ్రీనగర్ కాలనీకి అది దారి కాకపోయినా బండిని టోలిచౌకి వైపు తిప్పాను. ఇరానీ హోటల్ ముందు ఆపాను. టీ తాగుదాం సార్ అన్నాను. ఆయన చుట్టూ చూశారు.

"ఇద్దరమే ఉన్నాం."

"తెలుసు సార్. పుస్తకంల జూసిన. కోరం లేక వాయిదా పడ్డ సమావేశం, అరగంట తర్వాత ఉన్నోళ్లతోనే నడపొచ్చు."

ఆయన ముఖం అలా వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు. తొమ్మిదో క్లాజు, ఉపక్లాజు రెండు, అన్నారు. టైము చూసుకున్నారు. ఇద్దరం బండికి ఆనుకుని నిలబడ్డాం. ఆటోలు, బుర్ఖాలు, పండ్ల బండ్లు, ఉస్మానియా బిస్కెట్ల వాసన. స్ఫూర్తి ఫోన్ చేసింది. ఆమె ఏమంటోందో అర్థం కాలేదు, వెనక భూలక్ష్మి గొంతు ఎక్కువగా ఉంది. చలపతిరావుగారికి ఇచ్చాను. ఆయన విని, "పాస్‌పోర్టు జిరాక్సులు మూడు తెచ్చుకోమ్మా," అని పెట్టేశారు.

కాసేపటికి ఆయన కదిలారు. "పద. టైమయింది."

నా వాచీ చూసుకున్నాను. అరగంట కాలేదు. ఇంకా పదకొండు నిమిషాలుంది.

"సార్, ఇంకా..."

"నేనిప్పుడు కార్యదర్శిని కాదు కదయ్యా," అని ఆయన నాకంటే ముందు లోపలికి నడిచారు.

టీ బాగా లేదు. చెరో మూడు తాగాం.