తాళం వేసిన ఇరవై ఇళ్లు

ఆరేళ్లుగా ఇరవై ఇళ్లను మోస్తున్నాను. ఇటుకా మట్టీ ఉన్నవి కావు, నేను కాగితం మీద కట్టినవి. దించుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. దించితే ఎవరి కాళ్ల మీద పడతాయో అని భయపడ్డాను. నిజానికి అవి అప్పటికే పడ్డాయి. అది తెలియడానికి నాకు ఇంతకాలం పట్టింది.

ముందే ఒక మాట. నేను కోతలు కోసే మనిషిని. వాన పడుతోందని నేనంటే పాలకుర్తిలో జనం బయటికి వచ్చి చెయ్యి చాపి చూస్తారు. మా వాగులో పట్టిన కొర్రమీను ముక్కుకు బులాకీ ఉందని చెప్పి ఒక పెళ్లిబృందాన్ని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాను. ఆ కోతలతో ఎవరికీ ఏమీ కాలేదు. ఈ ఒక్కదానితో అయింది. అందుకే దీన్ని ఉప్పూకారం చల్లకుండా చెబుతాను. అలవాటు లేదు, అయినా చెబుతాను.

అప్పట్లో ఒక ఆరోగ్య సర్వేలో ఇళ్లు తిరిగి ఫారాలు నింపే పని చేశాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు. నెలకు రెండుసార్లు ఊళ్లకు వచ్చే మందుల బండి ఏ దారుల్లో తిరగాలో ఆ సర్వేను బట్టే తేలుస్తారు. ప్రతి గడపా తొక్కడం అయ్యే పని కాదు కాబట్టి చీటీలు తీసి కొన్ని ఊళ్లను ఎంచారు. ఊళ్లో మొదటి ఇల్లు కూడా చీటీలోనే వస్తుంది. అక్కడి నుంచి ప్రతి మూడో ఇల్లు. తాళం ఉంటే మళ్లీ రావాలి, మూడుసార్లు రావాలి. తలుపు తెరిచి ఉంది కదా అని పక్కింట్లోకి మాత్రం పోకూడదు.

ఎందుకు పోకూడదో మా పెద్ద మేడం శిక్షణలో చెప్పింది. ఒక్క మెతుకు పట్టుకుంటే కుండ సంగతి తెలుస్తుందన్నది నిజమే, కానీ చేతికందిన పైమెతుకే పడితే అడుగు మాడినా తెలియదు అంది. ఇంకోటి కూడా చెప్పింది. రోడ్డు పక్క ఊళ్లలో చాలా ఇళ్లు అడుగుతున్నాం, ఒకటి రెండు తప్పినా మిగతావి సర్దుతాయి. వాగు అవతలి గూడేల తరఫున మాట్లాడేది గంగారం వైపున్న ఒక్క గూడెం, అందులో ఇరవై ఇళ్లు. అవి తప్పితే సర్దడానికి ఇంకేమీ లేవు.

నేను తల ఊపాను. బాగా అర్థమైన వాడిలాగే ఊపాను.

ఆ గూడేనికి వెళ్లిన రోజు నా ఇరవై ఇళ్లలో ఒక్కటీ తెరిచి లేదు. మిర్చి కోతలు. అందరూ భూపాలపల్లి వైపు కూలికి పోయారు. వారమంతా అక్కడే చేలల్లో ఉంటారని, ఆదివారం వస్తారని మేకలు కాస్తున్న ఒక ముసలాయన చెప్పాడు. సరే అని వెనక్కి వచ్చాను.

ఆదివారం నాకు అడ్డమేమీ లేదు. జ్వరం లేదు, బండి చెడిపోలేదు, వాగు పొంగలేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఈ మూడూ సిద్ధంగా పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. పోబుద్ధి కాలేదు, అంతే.

ఇంట్లో అరుగు మీద కూర్చుని ఇరవై ఫారాలూ నింపాను. ఇప్పటికీ ఒప్పుకోవడానికి సిగ్గేసేది ఏమిటంటే, ఆ పని నాకు సంతోషంగా ఉండింది. ఒక్కో ఇంటికి ఒక్కో సంసారం పుట్టించాను. నమ్మకం కుదరాలని ఒకామెకు పంటినొప్పి పెట్టాను. వాగు దగ్గర మూడో ఇంట్లో, డెబ్బై ఏళ్లొచ్చినా తాటిచెట్టు ఎక్కే ముసలాయనను పెట్టాను. నా కథల్లో మనుషులు గట్టివాళ్లు, మంచాన పడరు. నీ ఫారాలే అన్నిటికన్నా శుభ్రంగా ఉన్నాయని మేడం మెచ్చుకుంది. శుభ్రంగా ఎందుకుండవు? వాటికి ఊరి దుమ్మే తగలలేదు.

వాగు అవతల పెద్దగా అవసరం లేదని నివేదికలో వచ్చింది. బండి రోడ్డు ఊళ్లకే పోయింది. వందల ఇళ్లలో ఇరవై ఏపాటి అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ ఇరవై ఎన్ని ఇళ్ల నోరో నాకు తెలియకనా? తెలుసు. చెప్పించుకుని, తల ఊపి మరీ తెలుసుకున్నాను.

పోయిన ఏడాది గంగారంలో చుట్టాలింటికి వెళ్తూ ఆ దారిన పడ్డాను. కావాలనే పడ్డానేమో. వాగు దగ్గర మూడో ఇంటి ముందు ఆగి మంచినీళ్లడిగాను. లచ్చక్క అనే ఆమె చెంబుతో ఇచ్చింది. లోపల మంచం మీద ఆమె భర్త. ఎడమ కాలు మోకాలి కింద లేదు.

"కాలుకేమైంది, అక్కా?"

"షుగరు. ముల్లు గుచ్చుకుంటే పుండు మానలే. మంచం మీదనే మోసుకపోయినం. ఇన్ని దినాలు ఏం జేసిండ్రని దవాఖానల మమ్ములనే తిట్టిండ్రు."

"మందుల బండి రాదా?"

"రోడ్డు మీది ఊర్లకే వస్తది. మా ఆశా వర్కరమ్మ పోయి అడిగింది. మీ తాన రోగమోళ్లు లేరని సర్వేల రాసి ఉందన్నరట. మమ్ముల ఎవలు అడిగిండ్రు, అన్నా? అప్పటికే ఈయనకు షుగరుండె."

"మీరు ఇంట్ల లేరేమో."

"మిర్చి ఏరబోతే ఇంట్లెట్ల ఉంటం? ఐతారం అందరం ఈడనే ఉంటిమి. ఒక్క ఐతారం రావద్దా?"

మంచం మీదాయన నవ్వాడు. "రాసినోన్ని అనకే. కలం తోటే మన రోగాలన్ని బాగుజేసిండు. గంత పెద్ద డాక్టరు ఈ జిల్లాల లేడు."

లచ్చక్క చెంబు తీసుకుంటూ అడిగింది. "నువ్వేం పని జేస్తవు, అన్నా?"

"మేకలు కొంట" అన్నాను.

అంత తొందరగా వచ్చింది అబద్ధం. ఆలోచించను కూడా లేదు.

బండి వచ్చి ఉంటే ఆ కాలు దక్కేదా? నాకు తెలియదు. తెలియదన్నది నాకు సాకు కాకూడదని ఏడాదిగా నాతో నేను కొట్లాడుతున్నాను. ఆ ఇంటి ఫారంలో షుగరు అన్న ఒక్క మాట ఉండాల్సింది. దాని చోట తాటిచెట్టు ఉంది. ఇది మాత్రం తెలుసు.

ఈమధ్య బండి దారులు మళ్లీ గీస్తున్నారని, పాత సర్వేనే ఆధారమని విన్నాను. ఇక ఆగలేదు. జనగామ ఆఫీసుకు వెళ్లి మేడం ముందు నిలబడి చెప్పాను. ఆమె అరవలేదు. ఇంకా ఎన్ని ఇట్లా నింపావని అడిగింది. ఈ ఇరవయ్యే అన్నాను. ఎలా నమ్మమంటావంది.

ఆ గూడేన్ని మళ్లీ అడిగేదాకా దారులు ఆపమని పైకి రాస్తానంది. ఆపుతారో లేదో ఆమెకూ తెలియదు. నా ఫారాలన్నీ మాత్రం పక్కన పెట్టేసింది. లింగాల ఘనపూర్‌లో ఒక అవ్వ రెండు గంటలు తన మోకాళ్ల నొప్పి గురించి చెబితే అక్షరం వదలకుండా రాశాను. అదీ పోయింది. నిజంగా విన్న వాళ్ల మాటను కూడా నేనే చెల్లకుండా చేశాను.

లచ్చక్కకు చెప్పాలి. చెబుతాను. ఆమె ఏమన్నా నిలబడి వింటాను. క్షమించమని అడగను, ఆ బరువు కూడా ఆమె మీద పెట్టను.

మేడం ఒక తెల్లకాగితం ఇచ్చి రాసివ్వమంది. గూడెం పేరు రాశాను. తాళాలు చూసి వచ్చాక నేను మళ్లీ వెళ్లలేదని, ఎవరినీ అడగలేదని రాశాను. కింద సంతకం చేశాను. రెండు వాక్యాలే. నా జన్మలో అంత చిన్న సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.