టీచరుగారి రక్తం, నా మీసం

మా టీచరుగారు పోయారు. పోయిన ఆదివారం పొద్దున చర్చికని తెల్లచీర కట్టుకుని, ఆటో వచ్చేలోపు వరండాలో కుర్చీలో కూర్చున్నారట. అంతే. వాళ్ళమ్మాయి నరసాపురం నుంచి ఫోన్ చేసి, ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో నవ్వేసింది. "శనివారం షుగర్ చూశానండీ. కాస్త ఎక్కువొచ్చింది. ‘ముందు నీ చెయ్యి సరిగ్గా ఉందో లేదో చూసుకోవే’ అని అమ్మ కసిరింది" అంది. నాకూ నవ్వొచ్చింది.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసుండరు. ఎనభైల మొదట్లో దుబాయ్‌లో ఒక ఆసుపత్రి లాబొరేటరీలో మాకు పని నేర్పిన మనిషి. అంతకుముందు గోదావరి జిల్లాలో ఓ మిషన్ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు ఇదే పని నేర్పి వచ్చారు. ఐదడుగులైనా ఉండేవారు కాదు. మైక్రోస్కోపు అందక స్టూలు మీద లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీ వేసుకుని కూర్చునేవారు. ఎవరికైనా నంబరు కావాలంటే ఆవిడ లేచేదాకా ఆగాల్సిందే.

నేను జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఆ ఆసుపత్రికి నేల తుడిచే పనికి వెళ్ళినవాణ్ణి. ఇంటర్‌లో సైన్సు చదివానని తెలిసి ఆవిడే ముదీర్‌తో, అంటే మా పెద్ద డాక్టరుతో, పోట్లాడి నన్ను తన క్లాసులోకి లాక్కున్నారు. ఆయన సరేనన్నాడు గానీ ఓ మెలిక పెట్టాడు. మూడు నెలల గడువు. టీచరుగారు సంతకం పెడితే టెక్నీషియన్. పెట్టకపోతే ఖలాస్, మళ్ళీ బకెట్టూ తడిగుడ్డా. నైఫ్ అనే పేటలో మేం తొమ్మిదిమందిమి ఒక గదిలో ఉండేవాళ్ళం. మొదటి రోజు నుంచే వాళ్ళు నన్ను "డాక్టర్ సాబ్" అనడం మొదలుపెట్టారు. ఇక ఫెయిలైతే ఏ మొహం పెట్టుకుని ఆ గదికెళ్ళాలి?

మొదటి పాఠం కోత. రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను మైనంలో పొదిగి, ఉల్లిపొర సిగ్గుపడేంత పలచగా కోయాలి. బ్లేడు కిందనుంచి పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బన్‌లా వస్తాయి. దాన్ని గోరువెచ్చటి నీళ్ళమీద పరిచి గాజు పలకకి ఎక్కించాలి. కరామా బజారులో కొన్న కోడి కార్జం మీద నెలరోజులు సాధన చేశాం. నెల తర్వాత మొదటిసారి నిజం ముక్క నా చేతికిచ్చారు. ముచ్చటైన రిబ్బన్ వచ్చింది. ఆ ఆనందంలో "హమ్మయ్య" అన్నాను. రిబ్బన్ లేదు.

బల్లమీద వెతికాం. నేలమీద వెతికాం. టీచరుగారు నా మొహంలోకి చూశారు.

"ఒరేయ్ అబ్బాయ్, పేషెంటుని మీసంలో పెట్టుకున్నావేంట్రా!"

నిజంగానే నా మీసానికి వేలాడుతోంది. పట్టకారుతో ఆవిడే తీశారు. సగం పాడైపోయింది. మిగిలిన మైనం దిమ్మలోంచి మళ్ళీ కోసి గండం గట్టెక్కించారు. అప్పుడు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "ఊపిరి నీది, ముక్క పేషెంటుది. నీది కాసేపు ఆపుకో. వాడిది మళ్ళీ రాదు."

మర్నాటికి మీసం తీసేసి రమ్మన్నారు. నాతోపాటు నేర్చుకునే పఠాన్ మాత్రం "గర్దన్ కాటో, మూంఛ్ నహీ" అని, మెడైనా కోసుకోండి గానీ మీసం ముట్టొద్దని మొండికేస్తే, వాడికి మూతికి గుడ్డ కట్టించి ఊరుకున్నారు. నాకూ గుడ్డ కట్టొచ్చుగా అన్నాను. "వాడు ‘హమ్మయ్య’ అనడురా" అన్నారు.

బోడిమూతితో ఫొటో దిగి ఇంటికి పంపడం నా తెలివితక్కువతనం. పదిహేను రోజులకు అమ్మ ఉత్తరం రాయించింది. "ఎవరు సచ్చిండ్రని మీసం తీస్తివిరా? నేను మంచిగనే ఉన్న, మీ నాయిన మంచిగనే ఉన్నడు. మమ్మల్ని బతికుండంగనే సంపుతవా?" అది చదివి వినిపిస్తే టీచరుగారు డైరెక్టరీ మీదనుంచి పడబోయేంతగా నవ్వారు. "మీ అమ్మకి రాయి, నాకోసం తీశానని. నేను పోయినప్పుడు మళ్ళీ తియ్యక్కర్లేదు. అడ్వాన్సుగా అయిపోయింది" అన్నారు.

రెండో నెలలో మిషన్ వచ్చింది. బీరువా అంతది. రక్తం పోస్తే షుగరూ మిగతావీ తనంతట తనే లెక్కకట్టి కాగితం మీద కొట్టి ఇస్తుంది. ముదీర్ దానికి దండ వెయ్యలేదంతే. టీచరుగారు మాత్రం, "యంత్రం అబద్ధమైనా అంతే ధైర్యంగా చెబుతుంది" అన్నారు. మాకో సూత్రం నేర్పారు. లెక్క తేడా వస్తే ముందు నీ చేతిని అనుమానించు, తర్వాత మిషన్ని, అందరికన్నా ఆఖర్న మనిషిని.

మిషన్ నిజం చెబుతోందో లేదో రోజూ సరిచూడ్డానికి, షుగరెంతో ముందే రాసున్న కంపెనీ సీసాలుంటాయి. అవి కాగితాలు లేక పోర్టులో ఆగిపోయాయి. ఎప్పుడడిగినా "రేపు, ఇన్షాల్లా". చూసి చూసి ఒకరోజు ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి లాగి, "నా రక్తం తియ్యి" అన్నారు.

"పదేళ్ళుగా సాయంత్రం ఏడింటికి రెండు చపాతీలు, పప్పు. పొద్దున నా షుగర్ తొంభై. మిషన్ కూడా తొంభై చెబితే మంచిది, చెప్పకపోతే తిప్పు దాని చెవి."

ఆ ట్యూబు మీద తన పేరు రాయనివ్వలేదు. "గోడ" అని రాయించారు. కదలనిది అదొక్కటేనట. రోజూ పొద్దున పరగడుపున గోడ వచ్చేది, నేను రక్తం తీసేవాణ్ణి, మిషన్ తొంభై అనేది. ఒక వారం తొంభై ఆరు అంది. నా చేతిదే తప్పని నాచేత తొమ్మిదిసార్లు చేయించారు. అయినా తొంభై ఆరే. అయితే మిషన్‌దే తప్పని, నాబ్ తిప్పి తొంభైకి తెచ్చారు. పై వారం మళ్ళీ పెరిగింది, మళ్ళీ తిప్పారు. ఇలా నాలుగు వారాలు నడిచింది. ఎప్పుడెంత తిప్పిందీ నోటుబుక్కులో రాయడం నా పని, బుద్ధిగా రాశాను.

మా గది కింద చాయ్ దుకాణం నడిపే మలబారీ కాకాకి ముదురు షుగర్. ఒక సాయంత్రం ఆయన మా ఆసుపత్రి కాగితం ఊపుతూ ఎదురొచ్చాడు. "షుగర్ ఖలాస్! తుమ్హారా మిషన్ జిందాబాద్!" అని, నా కళ్ళముందే తన చాయ్‌లో మూడు చెంచాల చక్కెర వేసుకున్నాడు. నాలుగు వారాలుగా కిందికి తిప్పుతూ వచ్చిన నాబ్ గుర్తొచ్చింది.

మర్నాడు అందరికన్నా ముందు వెళ్ళి, టీచరుగారు నేర్పిన పద్ధతిలోనే గ్లూకోజు పొడి తూచి, సరిగ్గా వంద రావలసిన నీళ్ళు కలిపి మిషన్‌లో పెట్టాను. డెబ్భై ఆరు అంది. మూడుసార్లు పెట్టినా అంతే. అంటే తప్పు నాబ్‌ది. నాబ్ తిప్పింది ఎవరు? నా కాగితం మీద సంతకం పెట్టాల్సినావిడ. గడువు ఇంకో మూడు రోజులుంది. నోరు మూసుకుంటే నేను టెక్నీషియన్ని. కాకా మాత్రం చక్కెర తాగుతూనే ఉంటాడు.

"టీచరుగారూ, ఒకటి చెప్త. కోపం చెయ్యద్దు."

"చెప్పకుండా నసిగితే చేస్తాను. చెప్పు."

"నా చెయ్యి చూసుకున్న. మిషన్ చూసిన. ఇగ మూడోదే మిగిలింది."

"ఏవిటది?"

"మీరే. గోడ కదిలింది టీచరుగారూ."

ఆవిడ లేచి గ్లూకోజు తనే తూచారు, తనే కలిపారు. డెబ్భై ఆరు. స్టూలు మీద కూలబడి, "ఖర్జూరాలు" అన్నారు. ఓ ముసలి అరబ్బు పేషెంటు ప్రేమగా ఒక డబ్బా ఇచ్చాడట. సాయంత్రం ప్రార్థన అయ్యాక, పండే కదా అని తింటున్నారట.

పేషెంట్లని ఎలా అడగాలో ఆవిడే నేర్పారు. అలాగే అడిగాను. "రోజుకెన్ని?"

"నాలుగు."

"టీచరుగారూ..."

"పది" అన్నారు, తల వంచుకుని.

తర్వాత తిన్నగా ముదీర్ గదివైపు నడిచారు. తలుపు దాకా వెళ్ళి ఆగి, వెనక్కి వచ్చారు. "నీ కాగితం ఏదిరా?" అన్నారు. చింపేస్తారనుకున్నాను. బల్లమీద పెట్టి, గుండ్రటి అక్షరాలతో పూర్తి సంతకం చేశారు. "లోపలికెళ్ళి వచ్చాక నా సంతకానికి విలువ ఉంటుందో లేదో" అన్నారు. "ఇక మీసం పెంచుకో. నోరు ఎప్పుడు ముయ్యాలో, ఎప్పుడు తెరవాలో నీకు తెలిసింది." తలుపు తీసుకుని లోపలికెళ్ళారు.

ముదీర్ అరుపులు ఆసుపత్రి గేటుదాకా వినిపించాయి. ఉద్యోగం మాత్రం ఉంచాడు. మాకు నేర్పేవాళ్ళు ఇంకెవరున్నారు? ఆ వారమంతా ఆవిడా, నేనూ, పఠానూ నైఫ్, కరామా గల్లీల్లో గది గదికీ తిరిగి ఆ నెల పేషెంట్లందర్నీ వెతికి, మళ్ళీ రక్తం తీసి, చేత్తో పరీక్షలు చేశాం. ఒక బిల్డింగులో అబ్దుల్ రహమాన్ కోసం వెళితే ఐదుగురు అబ్దుల్ రహమాన్‌లు తేలారు. ఎందుకైనా మంచిదని ఐదుగురికీ సూది గుచ్చారు. కాకా దగ్గర మాత్రం రెండు చేతులూ జోడించారు. "తప్పు నాది కాకా. ఆ చక్కెర డబ్బా ఇటిచ్చెయ్" అన్నారు. ఇచ్చేదాకా కదల్లేదు. ఆవిడకు నిజంగానే షుగర్ మొదలైందని అప్పుడే తేలింది. ఖర్జూరాల డబ్బా మాకు పంచేశారు.

నలభై ఏళ్ళు ఈ పని చేసుకుని బతికాను. ఇప్పుడు దుబాయ్ వదిలి ఇంటిపట్టునే ఉన్నాను, రైలెక్కితే నరసాపురమే. టికెట్టు తీసుకుని ఇంటికొచ్చి, అద్దం ముందు నిలబడి సబ్బు రాసుకున్నాను.

"ఎవరు పోయిండ్రు?" అంది మా ఆవిడ, గుమ్మంలోంచి.

"మా టీచరుగారు."

"వాళ్ళు కిరస్తానమోళ్ళు గదా. వాళ్ళల్ల మీసం తీసుడు ఉండదు గదా?"

"నాకుంది" అన్నాను.

అడ్వాన్సు చెల్లదు టీచరుగారూ. అప్పుడు తీసింది మీ పేషెంటు కోసం. ఇది మీ కోసం. బ్లేడు పైపెదవి మీద పెట్టాను. చెయ్యి వణికింది. ముందు చేతిని అనుమానించమన్నారు కదా, కాసేపు ఆగాను. తర్వాత ఊపిరి ఆపుకుని, మెల్లగా కిందికి లాగాను.