తోడుగా ఊదే మనిషి

మార్చి పద్నాలుగు, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఊపిరితిత్తుల పరీక్ష చేసే టెక్నీషియన్‌కు ఒక అలవాటుంది: గొట్టంలోకి ఎవరు ఊదినా ఆవిడ బుగ్గలూ పొంగుతాయి, మెడ నరాలు తేలుతాయి. ఈరోజు ఎదుట కూర్చున్నది న్యుమోనియా నుంచి కోలుకున్న కరిగిన గాజును గొట్టంతో ఊదే పనివాడు. ఊపిరి మూడు లీటర్లు దాటితేనే కొలిమి దగ్గరికి వెళ్లనిస్తానన్నాడు డాక్టరు. ఊదుతూ ఊదుతూ ఆవిడ ముఖం చూసి ఆయన ఫక్కున నవ్వేశాడు. పరీక్ష కాస్తా పాడైంది.

"అమ్మాయ్, నువ్వు ఊదింది కూడా నా లెక్కలో వేస్తావా ఏంటి?"

"ఆశ చూడు! గోడకేసి చూస్తూ ఊదండి బాబాయ్... ఇంకా, ఇంకా, ఆపకండి!"

పక్కటెముకలు దగ్గరపడి, డయాఫ్రమ్ పైకి లేచి, వదలగలిగిన గాలి అడుగంటేదాకా ఆయన ఊదాడు. ఆవిడా ఊదింది. ఇద్దరూ రొప్పుతూ ఒక్కసారే తెరకేసి చూశారు.

3.2 లీటర్లు.