నాలుగో మనిషి

కార్మిక శాఖ అధికారి కూలీల వాంగ్మూలాలను మిల్లు మేనేజరు గదిలో, మేనేజరు ఎదుటే తీసుకున్నాడు. సంఘం నమోదుకు దరఖాస్తు పెట్టుకున్న ఏడుగురి పేర్లు అంతకు వారం ముందే ఆ శాఖ కార్యాలయం నుంచే మిల్లుకు చేరాయి. ఎవరు పంపారో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడు పేర్లనూ రాసింది మల్లేశ్వరి. ఎమ్మిగనూరు శివారున, ఆదోని రోడ్డు మీదున్న ఆ జిన్నింగ్ మిల్లులో పదకొండేళ్లుగా పత్తి మోస్తోంది. ఏడో తరగతి దాకా చదివింది గనుక కూలీలకు ఏ కాగితమొచ్చినా ఆమే చదివి చెప్పాలి. పోయిన సీజన్లో గింజ తీసే మిషను తోటికూలీ సైదా బీ కుడిచేతి వేళ్లు రెండింటిని లాగేసుకుంది. రోలరు మీద ఉండవలసిన మూత లేదు. మిల్లువాళ్లు హాజరు పుస్తకం తెరిచి చూపించి, ఇందులో పేరు లేదు కాబట్టి ఆమె మా కూలీయే కాదన్నారు. నిజమే, ఆ పుస్తకంలో ఏ ఆడకూలీ పేరూ లేదు.

అప్పుడు మల్లేశ్వరి సంఘం పెడదామని ఇల్లిల్లూ తిరిగింది. నందవరం నుంచి మిల్లు ఆటోలో వచ్చే ముగ్గురినీ బతిమాలి ఒప్పించింది. జంకినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పింది: సర్కారు మన పక్కన కూర్చుంటుంది. సైదా బీ బొటనవేలికి సిరా పూస్తూ కూడా అదే చెప్పింది. బస్సెక్కి ఆదోని పోయి కార్మిక శాఖలో దరఖాస్తు ఇచ్చి వచ్చిన రోజున ఆమె నడకే వేరుగా ఉండింది.

విచారణకు ముందురోజు సాయంత్రం మేనేజరు బసప్ప ఆమెను పిలిపించాడు. కేకలేసే మనిషి కాడతను. ఆమె కూతురు సంతోషి ఈ సీజన్లోనే పనికి కుదిరింది.

"పిల్ల చెయ్యి చురుగ్గా ఉండాది మల్లేశ్వరమ్మా," అన్నాడు. "సైదా బీ మిషను కాడ మనిషి లేదు గదా. ఎల్లుండి నుంచి ఆడ ఏద్దామనుకుంటాండా."

సంఘం పెట్టుకున్నందుకు కూలీని బెదిరించడం శిక్షించదగిన తప్పని చట్టం చెబుతోంది. ఆ సంగతి మల్లేశ్వరికి తెలుసు. తెలిసీ అట్లాగే వెనక్కి తిరిగి ఇంటికి పోయింది.

మరునాడు నందవరం ముగ్గురూ ముందుగా లోపలికి పోయి, సంతకాలు తమవి కావని చెప్పి, తలలు వంచుకుని బయటికొచ్చారు. సంతకం మీదేనంటే రేపటి నుంచి ఆటో మీ ఊర్లో ఆగదని మిల్లువాళ్లు వాళ్లకు ముందే చెప్పి ఉంచారు. అప్పటికీ దరఖాస్తు బతికే ఉంది. దరఖాస్తుదారుల్లో సగానికి మించకుండా తప్పుకుంటే అది నిలుస్తుంది. సగం దాటితే చెల్లదు. ఏడుగురిలో నాలుగో మనిషి నోట్లో ఉంది దాని ప్రాణం. ఆ నాలుగో మనిషి మల్లేశ్వరి.

అధికారి బసప్ప పక్క కుర్చీలో టీ తాగుతూ, కాగితం ఆమె ముందుకు జరిపి, ఈ సంతకం నీదేనా అని అడిగాడు.

"కాదు సార్," అంది మల్లేశ్వరి.

ఆ మాట రాసిన కాగితం కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టింది. రెండు సంతకాలూ అచ్చు ఒక్కలాగే ఉన్నాయి. అధికారి రెండింటినీ చూశాడు. ఏమీ అడగలేదు.

తర్వాత సైదా బీ వంతు. ఆమె గొంతు వరండాలోకి స్పష్టంగా వినిపించింది: "వేళ్లు రెండు మిషను తిన్యాది సార్. బొటనేలు ఇడ్చిపెట్టింది. ఈ ముద్ర దాందే."

నలుగురు తప్పుకున్నారు, ఇక నీ మాటతో పనిలేదని అధికారి ఆమెను పంపేశాడు.

గేటు దగ్గర మల్లేశ్వరి పక్కకు తప్పుకోబోయింది. సైదా బీ ఆగింది.

"సర్కారు మన పక్కన కూసుంటాది అంటివి గదా మల్లేసూ. కూసున్న్యాది. ఎవరి పక్కనో సూసినావా?"

అనేసి తన దారిన నడిచింది. తిట్టి ఉంటే మల్లేశ్వరి ఎట్లాగో భరించేది. ఆ రోజు నుంచి ఆమె సైదా బీ సందు తప్పించుకుని చుట్టు తిరిగి ఇల్లు చేరుతోంది.

సంతోషిని ఆ మిషను మీద వెయ్యలేదు. పందొమ్మిదేళ్ల పుష్పను వేశారు. మూత ఇప్పటికీ లేదు. ఒకరోజు పత్తి మోపుతో పోతున్న మల్లేశ్వరిని ఆ పిల్ల పిలిచింది.

"పెద్దమ్మా, దీన్ని బిరిన ఆపల్లంటే ఎట్ల?"

మోపు దించి, చప్పున ఆపే తీరు చూపించింది మల్లేశ్వరి. చూపిస్తున్నంతసేపూ ఆ పిల్ల వేళ్లే చూసింది. కన్నబిడ్డ చేతిని ఎవరి బిడ్డ చేతితో విడిపించుకుందో అప్పుడు తెలిసింది ఆమెకు.

ఆ ఆదివారం ఆమె సైదా బీ సందులోకి నడిచింది. రాసుకొచ్చిన అర్జీని గడపలోనే నిలబడి చదివింది. సైదా బీ చివరిదాకా విని, "ముందు నీ సంతకం పెట్టు, నేను సూస్తా," అంది. మల్లేశ్వరి పెట్టింది. అర్జీలో ఇలా ఉంది:

"కార్మిక శాఖ వారికి. ఆ రోజు నేను అబద్ధం చెప్పినాను. ఆ సంతకం నాదే. నా అబద్ధానికి సిగ్గు నేను పడతాను, దాన్ని రాసుకున్నందుకు మీరు పడండి. మా ఏడు పేర్లను మిల్లుకు ఇచ్చినది ఎవరో కాగితం మీద, పేరుతో, చెప్పండి. పుష్ప మిషనుకు మూత బిగించే దాకా దాన్ని ఆపించండి. మమ్మల్ని మళ్లీ అడగండి. మిల్లులో కాదు, మేనేజరు లేని చోట, ఒక్కొక్కరినీ. ఈసారి మీ కుర్చీ మా పక్కన వేసుకోండి."