లోతుగా దిగిన గీత

వాన వెలిశాక తడిసిన నల్లరాయికి ఒక వాసన ఉంటుంది, ఇనుమూ మట్టీ కలిసినట్టు. కృష్ణగిరి దగ్గర, ఒకప్పుడు సైన్యానికి ప్రధాన స్థావరం ఉండిన మైదానంలో, దిమ్మె మీద పడుకోబెట్టిన గుర్తురాయి ముందు మొన్న ఆ వాసన తగిలింది. గంగప్ప మేస్త్రి నా పక్కనే నిలబడి దగ్గినట్టనిపించింది. ఆయన పోయి చాలా కాలమైంది. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. పొట్టి మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ రాతిపొడి, నవ్వితే రాలేది.

మా ఆయన బర్గూరు క్వారీలో బండ జారి మీద పడి చనిపోయాడు. మాది రాళ్ళు కొట్టే ఇల్లు. పెళ్ళికి ముందు నాయన దగ్గర ఉలి పట్టిన చేతులివి. అయినా ఆ తర్వాత ఉలి చప్పుడు వింటేనే ఒళ్ళు వణికేది. వేరే పని తెలియక గంగప్ప రాళ్ళు చెక్కించే షెడ్డులో ఊడ్చే పనికి కుదిరి, చెవుల్లో గుడ్డ కుక్కుకుని ఊడ్చేదాన్ని. చాలా రోజులు చూసి ఆయన అడిగాడు.

"నాగమ్మా, రాయంటే కోపమా, భయమా?"

"రెండూనప్పా."

"కోపముంటే బాగుపడతావులేమ్మా. భయమొకటే అయితే కష్టం."

కొన్నాళ్ళకు, ఆ సైన్యం జ్ఞాపకంగా పెట్టే ఈ గుర్తురాయి పని షెడ్డుకు వచ్చింది. రాయిని మైదానానికే తోలించి అక్కడే చెక్కుదామన్నాడు మేస్త్రి. మేమంతా వెళ్ళాం. చూస్తే ఏముంది? మొండి గోడల పునాదులు, మేస్తున్న గొర్రెలు.

"ఈడ గుర్రాలుండినాయంట. బూరలూదితే కొండ మారుపలికేదంట," అన్నాడాయన గొంతు తగ్గించి.

"అంతమందీ యాడికి పోయినారప్పా?"

"మీ ఆయన పోయిన చోటికే. దొరయినా సిపాయయినా దావ ఒకటే కదమ్మా."

అన్నాళ్ళూ నా దుఃఖం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆ ఖాళీ నేలను చూస్తే అది ఎంత పెద్ద గుంపులో చేరిందో తెలిసి, నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

మాలో కొత్త రాయికి పసుపు కుంకుమలు పెట్టి, మొదటి దెబ్బ ముత్తైదువ చేత వేయిస్తారు. మేస్త్రి చెల్లెలు రాజమ్మ అందుకే కొంగు దోపుకుని సిద్ధంగా నిలబడింది. మేస్త్రి మాత్రం ఉలీ సుత్తీ తెచ్చి నా ముందు పెట్టాడు. రాజమ్మ అరిచింది.

"అన్నా, మతి పోయిందా నీకు? మొగుడు పోయినదాని చేతనా?"

"రాయి మింగింది ఈమె మొగుణ్ణి. రాతితో మాట్లాడేదానికి ఈమెకుండే హక్కు నీకుందా? నీ మొగుడు ఇంట్లో గురక పెడతా ఉండాడు!"

అందరూ పకపకా నవ్వారు. రాజమ్మ కూడా ఆపుకోలేక నవ్వేసి, పసుపు గిన్నె నా చేతిలోకి తోసింది. "బిన్నా పెట్టుమా, ఆలస్యమైతే ఎండెక్కతాది."

పసుపు పూసి అరచెయ్యి రాతి మీద ఆనించాను. బతికున్న ఒంటిలా వేడిగా ఉంది. ఉలి నిలిపాను గానీ సుత్తి పట్టిన చెయ్యి పైకి లేవలేదు.

"కొట్టుమా. నేనుండా," అన్నాడు మేస్త్రి.

కొట్టాను. ఎంత కోపం దాచుకుని ఉన్నానో, మొదటి అక్షరంలోని నిలువు గీత కావలసినదానికన్నా లోతుగా దిగింది. రాయి గంటలా మోగింది. గొర్రెలు తలలెత్తి చూశాయి. చెడగొట్టానని నేను ఏడుస్తుంటే, చుట్టూ తరిగి సరిచేద్దామన్నారు ఎవరో.

"ఉండనీండప్పా. మనం కొట్టేదంతా కూలికి. ఈ ఒక్క దెబ్బా ఆ రాతిదీ ఆమెదీ," అన్నాడాయన.

ఆ రోజు నుంచి నేను మళ్ళీ చీపురు పట్టలేదు. ఈనాటికీ ఏ రాయి ముందు కూర్చున్నా అరచెయ్యి ఆనించి, దాని వేడి నాకు తగిలాకే ఉలి ఎత్తుతాను.

ఆ గుర్తురాయి మీద ఏముందో నాకు పూర్తిగా చదవ రాదు. మొన్న ఎండ కాసి అక్షరాలన్నీ ఆరిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ నిలువు గీతలో మాత్రం ఇన్ని నీళ్ళు నిలిచే ఉన్నాయి, వాటిలో కాస్త ఆకాశం. వేలు ముంచి కళ్ళకద్దుకున్నాను.