హెర్టీనా టీచరు వేసిన సున్నా

పిల్లలకు పాఠం చెప్పడం హెర్టీనాకు ఇరవై రెండేళ్ళుగా కొట్టిన పిండి. అలాంటి మనిషి నలభై ఆరో ఏట మళ్ళీ విద్యార్థిని అయింది. ప్రతి మంగళవారం మధ్యాహ్నం టాబ్లెట్ పట్టుకుని బడి వెనక కూర్చుంటే, మా దీవుల రాజధాని మజురో పట్నం నుంచి రోజీటా అనే శిక్షకురాలు, వైకల్యం ఉన్న పిల్లలకు చదువెలా చెప్పాలో నేర్పేది. ఆకాశం దయతలిచి సిగ్నల్ అందితే బొమ్మ కనబడేది, లేకపోతే వట్టి గొంతే.

"మీ తరగతిలో అలాంటి పిల్లలెందరు?" అన్న మొదటి ప్రశ్నకు హెర్టీనా సున్నా వేసి పంపింది.

"పద్నాలుగు మందిలో ఒక్కరూ లేరా టీచరుగారూ?" అంది రోజీటా.

"మా పిల్లలు చేపపిల్లల్లా ఉంటారమ్మా. ఒక్కతే మొండిఘటం. దానికి మీ చదువేం పనికిరాదులే, ఓడ ఎక్కించేస్తున్నాం."

ఆ మొండిఘటం పేరు నేజన్. ఎనిమిదేళ్ళది. మాటలు తక్కువ, ఉన్నవీ ముద్దముద్దగా ఉండేవి. అర్థమైందా అంటే కనుబొమలు ఎగరేసేది. మా దీవుల్లో అవునని నోటితో చెప్పేవాళ్ళెవరు? కనుబొమలే చెబుతాయి. అలా అవునంటుందా, పుస్తకం తియ్యమంటే పలక తీస్తుంది. వెనకనుంచి పిలిస్తే తిరిగైనా చూడదు. రెండేళ్ళ కిందటే ఈ దీవికి బదిలీ మీద వచ్చిన హెర్టీనా, పొగరు నెత్తికెక్కిందని తీర్మానించి, పిల్లను బడి మాన్పించాలని కాగితం రాసి, తల్లి నెర్లీనా చేత సంతకం పెట్టించి హెడ్‌మాస్టరుకు ఇచ్చింది. శుక్రవారం ఓడలో నేజన్ వేరే దీవిలో మేనమామ దగ్గరికి, కొబ్బరికాయలు ఒలుచుకుని బతకడానికి వెళ్ళిపోవాలి.

ఆ వారం పాఠం చెవుల పరీక్ష. "పిల్ల వెనక నిలబడండి. మీ ముఖం కనబడకూడదు. ఒక మాట మెల్లగా చెప్పి, తిరిగి చెప్పించండి. అందరికీ చెయ్యాలి, మొండివాళ్ళకి కూడా" అంది రోజీటా.

"తప్పుతుందా" అని గొణుక్కుంటూ బుధవారం పొద్దున హెర్టీనా మొదలుపెట్టింది. పదమూడు మందీ చేప, పడవ, సీమపనస అని గడగడా అప్పజెప్పారు. చివరికి నేజన్ వచ్చింది.

"చేప" అంది హెర్టీనా. ఉలుకూ పలుకూ లేదు. "పడవ" అంది. అదే వరస. ఒళ్ళు మండి "నేజన్!" అని గావుకేక పెట్టింది. గోడ మీది బల్లి పారిపోయింది గానీ, పిల్ల మాత్రం బల్ల మీద పాకే చీమను చూస్తూ కూర్చుంది.

హెర్టీనాకు ఏదో అనుమానం తగిలింది. ముందుకొచ్చి, నోరు మెదపకుండా, ఏదో అడుగుతున్నట్టు ముఖం మాత్రం పెట్టింది. నేజన్ వెంటనే కనుబొమలు ఎగరేసింది.

దేనికి అవునంది? తను ఏమీ అడగలేదే! రెండేళ్ళుగా ఈ పిల్ల తన మాట వినలేదు. ముఖం చూసి, టీచరుకు కోపం రాకూడదని అవునంటూ వచ్చింది, అంతే. చెవిటి పిల్లను పట్టుకుని పొగరన్నాను, ఎండలో నిలబెట్టాను అనుకుంది. హెడ్‌మాస్టరు బల్ల మీది కాగితం లాక్కుని, చెప్పులైనా వేసుకోకుండా నెర్లీనా ఇంటికి పరుగెత్తింది.

నెర్లీనా వాకిట్లో సీమపనసకాయలు కాలుస్తోంది.

"నెర్లీనా, నీ కూతురికి చెవులు వినబడవే!" అంది హెర్టీనా రొప్పుతూ.

నెర్లీనా తలెత్తి వింతగా చూసింది. "అవును టీచరుగారూ. మూడో ఏట చీము కారింది కదా. ఊరందరికీ తెలుసు."

"మరి నాకు చెప్పలేదేమే?"

"మీకు తెలీదా?" నెర్లీనా చేతిలో కాయ నిప్పుల్లో పడింది. "చదువుకున్నవాళ్ళు మీరు, మీకు ఒకరు చెప్పాలా అనుకున్నాం. సంతకం పెట్టమంటే, చెవిటి పిల్లలు బడికి రాకూడదని రూలేమో అనుకుని పెట్టేశాను."

హెర్టీనా చేతిలోని కాగితాన్ని నలిపి ఉండ చేసింది.

నెర్లీనా మెల్లగా అడిగింది. "దాని బట్టలు మూట కట్టేశానండీ. విప్పెయ్యనా?"