పెద్దమ్మ చేతికి ఎర్ర వైరు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా... కారులో గాలి నాలుగో నంబరు మీద పెట్టుకున్నవాడు ఒకటో నంబరువాడికంటే గొప్పవాడేమీ కాదు. ఈ విషయమై ఇకమీదట నా కారులో గానీ, మా బావమరిది కారులో గానీ తగువులు జరగరాదు. ఇదే ఆఖరి తీర్పు.

తీర్పు చెప్పే అర్హత నీకేముందిరా, పదో తరగతి గట్టెక్కనివాడివి అంటారా... ఉందండీ. ఆ గాలి విలువ నాకు తెలుసు.

మా చిన్నప్పుడు... రామచంద్రపురంలో మా పెదనాన్నకి రైసుమిల్లుతో పాటు ఒక పాత స్పోర్ట్సు కారు ఉండేది. మద్రాసులో ఎవరో వాడి వదిలేసిన ఫారిన్ సరుకు. రెండే తలుపులు, రెండే సీట్లు. నేలకి ఎంత దగ్గరంటే, ఎంత పెద్దమనిషైనా అందులోంచి పాకుతూ దిగాల్సిందే. పెద్దమ్మ దాన్ని "మీ రెండో పెళ్ళాం" అనేది. ఒక్కరోజూ ఎక్కలేదు. ఎక్కమని ఆయనా అడగలేదు... ఆ పక్క సీటు ఎప్పుడూ పేకాట స్నేహితులదే.

తర్వాత పెద్దమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఇంటికి తీసుకెళ్ళి అడిగింది పెట్టమన్నారు కాకినాడ డాక్టరుగారు. పెద్దమ్మ తినడానికేమీ అడగలేదు. కొవ్వూరు ఆవిడ పుట్టిల్లు... ఒక్కసారి గోదావరి దాటి ఆ రేవు చూసొస్తానంది. టాక్సీ మాట్లాడతామంటే వద్దంది. వెళ్తే సవతి మీదే ఊరేగుతానంది.

అవి మాసూళ్ళ రోజులు, వరి కోసి నూర్చే కాలం. రోడ్ల నిండా దుమ్ము. అద్దాలు దించితే ఆవిడకి దగ్గు, ఎత్తితే ఊపిరాడదు. కారులో గాలి విసిరే మోటారు ఎప్పుడో చచ్చింది... ఏళ్ళ తరబడి మిల్లు షెడ్డులో ఉండి, దాని నిండా తవుడు పట్టేసింది.

పెదనాన్న రాజమండ్రిలో పాతసామాన్ల కొట్లన్నీ తిరిగి, ఇంకేదో కారుది, ఇంచుమించు అలాంటి మోటారే పట్టుకొచ్చాడు. మిల్లు లారీలు బాగుచేసే సత్తిబాబు, కారుని మా వాకిట్లో పెట్టి, ఎడమ సీటు ముందున్న సొరుగు ఊడదీసి, పాతది పీకి, ఆకురాయితో రేకు అరగదీసి కొత్తది కూర్చోబెట్టాడు. మూడు స్క్రూల్లో రెండు బిగిశాయి. మూడోది వెనకాల... కంటికి కనపడదు, వేళ్ళతో తడిమి బిగించాలి.

సత్తిబాబు చెయ్యి పట్టలేదు. పెదనాన్న చెయ్యి అసలే రోకలిబండ. నాది పట్టింది గానీ పొడవు చాలలేదు. పొద్దు వాలిపోతోంది. డాష్‌బోర్డు కోసేద్దామన్నాడు సత్తిబాబు.

వసారాలో పడక్కుర్చీలోంచి పెద్దమ్మ మెల్లగా లేచొచ్చింది.

"జరగండి, నేను చూస్తాను."

చెయ్యి కిందికి వాల్చిందో లేదో... ఒకప్పుడు సబ్బు నురగ రాసి లాగినా రాని బంగారు గాజులు, వాటంతటవే జారి కాళ్ళ దగ్గర పడ్డాయి.

పెదనాన్న ఆ గాజులు ఏరి గుప్పిట్లో పట్టుకుని, ఆ చేతి వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ చిక్కిపోయిందని ఊరందరికీ తెలుసు. ఆయనకి మాత్రం అప్పుడే తెలిసినట్టుంది.

ముత్తైదువ చెయ్యి బోసిగా ఉండకూడదు కదా... గాజులు మార్చుకునేటప్పుడు కూడా ముందు పసుపుదారం కట్టుకునేవారు మా ఆడవాళ్ళు. దారం తెద్దామని నేను లోపలికి పరిగెత్తబోతుంటే, పెదనాన్న పాత మోటారుకి వేలాడుతున్న ఎర్ర వైరు ముక్క తెంపి, ఆవిడ మణికట్టుకి చుట్టి మెలిపెట్టాడు.

"సవతి నగ నాకు పెడతారేంటండీ" అంది పెద్దమ్మ.

"నీకిమ్మని అదే ఇచ్చిందిలే" అన్నాడాయన, తలెత్తకుండా.

"ఇంకొంచెం పైకండి అమ్మగారూ... ఆయ్, అదేనండి. కుడికి తిప్పండి" అంటూ సత్తిబాబు దారి చెప్పాడు. మూడోది బిగిసింది.

ఆవిడని దూరంగా కూర్చోబెట్టి స్విచ్చి వేశారు. గొట్టాల్లో మిగిలిన తవుడంతా వచ్చి నా మొహాన కొట్టింది. వీధినాటకంలో వేషం కట్టినవాడిలా తయారయ్యాను. పెద్దమ్మ నవ్వీ నవ్వీ దగ్గింది... నవ్వూ దగ్గూ అప్పటికే ఆవిడకి విడివిడిగా వచ్చేవి కావు.

మర్నాడు గొట్టాలన్నీ శుభ్రం చేసి, గాలి లోపలికొచ్చే చోట పంచె ముక్క రెండు మడతలేసి కట్టి, అద్దాలెత్తుకుని బయల్దేరారు. రాజమండ్రి దాటి వంతెన ఎక్కాక పెద్దమ్మ ఆ గాలికి మొహం పెట్టి, "కొవ్వూరొచ్చినా ఆపకండి... ఇలాగే పోనివ్వండి" అంది. పెదనాన్న గాలి ఇంకో నంబరు పెంచాడు.

మాసూళ్ళు పూర్తికాకుండానే పెద్దమ్మ వెళ్ళిపోయింది. ఆఖరి స్నానానికి ఎవరో ఆ వైరు తీయబోతే పెదనాన్న తీయనివ్వలేదు.

ఆ తర్వాత ఆయన కారు నడపలేదు. సాయంత్రాలు వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని, ఇంజను జోలికి పోకుండా ఉత్త గాలి వేసేవాడు... పక్క సీటు వైపు తిప్పి. బ్యాటరీ అయిపోయేదాకా అలాగే కూర్చునేవాడు. సత్తిబాబు దాన్ని పట్టుకెళ్ళి చార్జింగు పెట్టి తెచ్చేవాడు.

ఇప్పటి కార్లలో మీట నొక్కితే చాలు, మంచు కురుస్తుంది. పక్కనున్న మనిషికి తగులుతోందో లేదో అడిగేవాళ్ళే లేరు...

ఇంతకీ రెండే సీట్ల కారులో నువ్వెక్కడ కూర్చున్నావురా అని మీరెవరూ అడగలేదు చూడండి.

నేను వెళ్ళలేదండీ. వంతెన మీది మాట నా కల్పన. ఆ రోజు చీకటి పడ్డాక తిరిగొచ్చారు, ఇద్దరూ ఏమీ చెప్పలేదు. పెదనాన్న పోయేదాకా అడిగే ధైర్యం నాకు రాలేదు. ఆవిడ ఏదో ఒకటి అడిగి ఉండాలని, ఆయన గాలి పెంచి ఉండాలని... నేనే అనుకున్నాను.

మీ ఇళ్ళల్లోనూ ఎవరో చెప్పకుండా పట్టుకుపోయిన మాటలుంటాయి. కింద రాయండి... మీరు కల్పించుకున్నవైనా సరే.